రన్‌వే మీద చూడని సగం

మార్చి 3

చిన్నోడా,

నీ వదిన రాసేది. క్షేమసమాచారాల వాక్యాలన్నీ నువ్వే పూరించుకో, నాకు ఇవాళ అంత ఓపిక లేదు. పొద్దున మీ అన్నయ్య పేపరు చదువుతూ నన్ను నాలుగుసార్లు కేకేశాడట. నాకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం పోయింది. ఆయన మోకాళ్ళ నొప్పులతో లేచి వచ్చి పేపరు నా ముక్కుకి ఆనించాడు. చూస్తే మూడో పేజీలో నీ బొమ్మ! జీపు పక్కన నిలబడి, ఎండకి కళ్ళు చికిలించుకుని, ఎవరో బలవంతంగా నిలబెట్టినట్టున్నావు. పైన "రన్‌వే మీద డేగ కన్ను" అని ఇంతేసి అక్షరాలు.

ఇంత జరిగితే మాకు పేపరువాడు చెప్పాలట్రా? పరుగందుకున్న విమానానికి టైరు పేలడం, అది ఎగరకుండానే ఆగిపోవడం, నూట అరవై మంది జారుడుబల్లల మీద నుంచి కిందకి దిగడం, అన్నీ చదివాం. కుట్టుపని చేసుకునే ఒకావిడకి మణికట్టు విరిగిందట, పాపం. నువ్వు జీపేసుకుని నేరుగా వెళ్ళి, ఆ టైరుని కోసిన ఇనపరేకు ముక్కని మూడు నిమిషాల్లో ఏరి తెచ్చావట. "అంత పొడుగు రన్‌వే మీద వెతుక్కోకుండా వెళ్ళాడు" అని మీ పెద్దాఫీసరు మెచ్చుకున్నాడు. ప్రశంసాపత్రం ఇచ్చారని కూడా వేశారు. అందులో 'ప్రశంసా'కి దీర్ఘం మింగేశారనుకో. ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన దాన్ని, అలాంటివి కంట్లో పడక మానవు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి నీకు పన్నెండేళ్ళు. అద్దం పగలగొట్టి, ఎవరూ అడక్కముందే వచ్చి "నేనే" అన్నావు. అప్పుడే అనుకున్నాను, వీడు పైకొస్తాడని. పేపరు ముక్క కత్తిరించి వీధిలో అందరికీ చూపించాను. కూరలమ్మి కూడా చూసింది.

వెంటనే జవాబు రాయి. ఫోన్ చేస్తే నాకు గాలి తప్ప ఏమీ వినపడదు.

నీ డప్పు కొడుతున్న వదిన

మార్చి 9

వదినా,

నమస్కారం. నీ ఉత్తరం అందింది. ఆ పేపరు ముక్క ఎవరికీ చూపించకు. చూపించినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పి మరిపించు. అందులో నా గొప్ప ఏమీ లేదు. నా పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. రోజుకి ఆరుసార్లు జీపులో రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెళ్ళాలి. బోల్టు, రాయి, చచ్చిన పిట్ట, టైరు తునక, ఏది కనపడినా ఏరాలి. ఇంజను గాలికి లేచిందంటే చిన్న మేకు కూడా తుపాకీ గుండే. చూడటం అయ్యాక పుస్తకంలో టైము వేసి 'శుభ్రం' అని రాసి సంతకం పెట్టాలి. అంతే నా ఉద్యోగం.

ఇరవై రెండేళ్ళ కింద నేను చేరినప్పుడు ఉన్నది ఒక్క రన్‌వే. ప్రయాణికుల భవనం బడిలా ఉండేది, రోజుకి పద్నాలుగు విమానాలు. జీపు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, తీరిగ్గా నడిచి చూసేవాళ్ళం. ఇప్పుడు రెండు రన్‌వేలు, మూడోదానికి తవ్వుతున్నారు. అద్దాల భవనంలో ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి నడిస్తే కాళ్ళు పడిపోతాయి. నిమిషన్నరకి ఒక విమానం. నేను రేడియోలో "తనిఖీకి రానా" అంటే కంట్రోల్ టవర్లో అమ్మాయి "ఆగండి, ఆగండి" అంటుంది. చివరికి "రెండు నిమిషాలు, త్వరగా బయటికొచ్చేయండి" అంటుంది. చివరిదాకా చూసి రావాలంటే నాలుగున్నర నిమిషాలు పడుతుంది.

ఇక్కడ మనసేం బాగాలేదు. దీపాలమ్మని పనిలోంచి ఆపేశారు. రన్‌వే అంచు దీపాలు చూసుకునే మనిషి. అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు. ఆ రోజు పదకొండూ పదికి రన్‌వే శుభ్రంగా ఉందని నేను రాశాను. పదకొండూ ఇరవైకి దీపాలమ్మ అవతలి చివర ఒక దీపం మార్చడానికి తన వ్యానులో వెళ్ళొచ్చింది. పదకొండూ ముప్పై రెండుకి టైరు పేలింది. మధ్యలో ఎగిరిన విమానాలన్నిటినీ పరీక్షించారు, దేనికీ రేకు ఊడలేదు. ఇక మిగిలింది దీపాలమ్మ వ్యానే. రేకు అందులోంచే పడిందని తేల్చారు. విచారణ ఇంకా ఉంది.

ఇరవై ఏళ్ళుగా దీపాలమ్మ, నేనూ పది గంటలకి ఒకే బల్ల మీద టీ తాగుతాం. మాటలు తక్కువే. ఇప్పుడు ఆ బల్ల దగ్గరికి వెళ్ళబుద్ధి కావడం లేదు.

అన్నయ్యకి నమస్కారాలు.

చిన్నోడు

మార్చి 15

ఓరి దొంగా,

రెండు పేజీల ఉత్తరంలో దీపాలమ్మ నాలుగుసార్లు వచ్చింది. మా ఇద్దరి సంగతీ కలిపి ఒకే ఒక్క వాక్యం. అక్షరాలు లెక్కపెట్టి బతికిన దాన్ని, నా దగ్గరా నీ దాపరికం?

మీ ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది. ఇన్నాళ్ళూ నేను ఎన్ని సంబంధాలు చెప్పినా "వదినా, నాకు విమానాలు చాలు" అన్నావు. ఇప్పుడు ఒకావిడ కనపడకపోతే టీ గొంతు దిగటం లేదంటే, అది టీ జబ్బు కాదురా. మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే "యాభై ఒకటికి వాడికి వెలిగింది దీపం" అన్నాడు. ఆయన జోకులకి నేను నవ్వి చాలా కాలమైంది, దీనికి నవ్వాను.

దీపాలమ్మ వయసెంత? పిల్లలున్నారా? పాపం, ఉద్యోగం మీదకి వచ్చిన సమయంలో నువ్వు పక్కన నిలబడాలి. సిగ్గుపడుతూ కూర్చుంటే పనులు కావు.

పేపరు ముక్క మరిపించమన్నావు. ఆలస్యమైంది. అట్టకి అంటించి ముందు గదిలో పెట్టేశాం.

వదిన

మార్చి 22

వదినా,

అది కాదు. నువ్వు అనుకుంటున్నది ఏమీ లేదు. ఉంటే నీతో చెప్పడానికి నాకేం సిగ్గు? దీపాలమ్మకి నలభై ఎనిమిదేళ్ళు. ఒక్క కూతురు, పెళ్ళయి వెళ్ళిపోయింది. మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఇంతకుమించి అడక్కు.

మొన్న విచారణకి నన్ను సాక్షిగా పిలిచారు. పొడుగాటి బల్లకి అవతల ముగ్గురు, ఇవతల నేను. గోడ పక్కన కుర్చీలో దీపాలమ్మ. నా పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు.

"ఇది మీ సంతకమేనా?"

"నాదే."

"పదకొండూ పదికి రన్‌వే మొత్తం చూశారా?"

చూశానని చెప్పాను. అప్పుడు దీపాలమ్మ నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. నేను చెప్పింది నిజమేనన్నట్టు తల ఊపింది.

బయటికి వచ్చాక ఎండలో జీపులో చాలాసేపు కూర్చున్నాను. నా ఒక్క మాటతో ఒకరి బతుకు ఇటో అటో అవుతుందని నాకు ఎప్పుడూ తట్టలేదు వదినా. ఇరవై రెండేళ్ళుగా 'శుభ్రం' అని రాస్తున్నాను. ఎన్నివేలసార్లు రాసి ఉంటానో. ఆ మాట ఎవరైనా చదువుతారనే ఆలోచన కూడా లేకుండా రాశాను.

నిద్ర సరిగ్గా లేదు. ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు.

చిన్నోడు

మార్చి 29

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి నేను కళ్ళు తుడుచుకున్నాను, మీ అన్నయ్య ముక్కు తుడుచుకున్నాడు. మనసుపడ్డ మనిషి ఎదురుగా కూర్చుంటే, ఆవిడకి కష్టం వస్తుందని తెలిసీ, ఉన్నది ఉన్నట్టు చెప్పావు. అద్దం పగలగొట్టినప్పటి పిల్లాడివే నువ్వు. ఇంకెవరైనా అయితే "సరిగ్గా గుర్తులేదండీ" అని నసిగి తప్పించుకునేవాళ్ళు. లేదు లేదు అంటూనే ఉంటావు, నాకు అర్థం కాదనుకున్నావా?

నువ్వు తిట్టినా సరే, ఒక పని చేశాను. దీపాలమ్మకి నేనే ఉత్తరం రాశాను. ఇంటి చిరునామా తెలియదు కాబట్టి మీ విమానాశ్రయం దీపాల విభాగానికి పంపాను, వాళ్ళు చేరవేస్తారు కదా. ఏం రాశానంటే: "అమ్మా, మా మరిది అబద్ధమాడి ఎరుగడు. చూశాను అన్నాడంటే చూసినట్టే. నిజం చెప్పినందుకు అతని మీద కోపం పెట్టుకోకండి. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, మీకూ జరిగి ఉంటుంది. అతను మీ గురించి పడే బాధ మాకు తెలుసు." ఇంతే. పెళ్ళి మాట ఎత్తలేదు, నాకు ఆ మాత్రం ఇంగితం ఉంది. పేపరు ముక్క ఇంకొకటి ఉంటే అదీ జతచేశాను, నీ మంచితనం ఆవిడకి తెలియాలని.

ఇప్పుడు తిట్టు.

వదిన

ఏప్రిల్ 4

వదినా,

ఎంత పని చేశావు. దీపాల విభాగానికి పరిగెత్తుకెళ్ళాను. నాలుగు రోజుల కిందే ఇంటికి పంపించేశారట.

నిన్ను తిట్టడానికి నాకు నోరెక్కడిది. ఏమీ అడక్కు. ఇంకెవరికీ ఏమీ రాయకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

చిన్నోడు

ఏప్రిల్ 12

చిన్నోడికి,

దీపాలమ్మ నుంచి జవాబు వచ్చింది. ఒక్క అక్షరం దిద్దకుండా ఎత్తి రాస్తున్నాను.

"అమ్మగారికి నమస్కారం. మీ ఉత్తరం, పేపరు ముక్క అందాయి. నాకు ఆయన మీద కోపం లేదు. మొదట్లో రేకు నాది కాదని నేను గట్టిగానే వాదించాను. వ్యాను తలుపు గడియ వేసినట్టు, పనిముట్లన్నీ లెక్క చూసుకున్నట్టు నాకు గుర్తు. కానీ ఆయన చూసి శుభ్రమని రాశారని తెలిశాక నా గుర్తు మీదే నాకు నమ్మకం పోయింది. ఇరవై ఏళ్ళు ఆయన మాట నమ్మి ఆ విమానాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పనిచేశాను. ఆయన చూశారంటే ఇక నేను చూసుకోనక్కర్లేదు అనుకునేదాన్ని. కాబట్టి రేకు నాదే అయి ఉంటుంది. పోయిన వారం ఆ కుట్టుపని చేసే ఆవిడ ఇల్లు కనుక్కుని వెళ్ళి క్షమించమని అడిగాను. చేతికి ఇంకా కట్టు ఉంది. కూర్చోమంది. మీ మరిదిగారిని బాధపడవద్దని చెప్పండి."

ఇది చదివాక నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి, ప్రూఫు చదివినట్టు మళ్ళీ చదివాను. మామూలుగా చదివితే మనకి కావలసిందే కనపడుతుంది. ప్రూఫు చదివేటప్పుడు ఉన్నది కనపడుతుంది. "శుభ్రంగా ఉందని నేను రాశాను" అని ఉంది. "చూశానని చెప్పాను" అని ఉంది. "చూశాను" అన్న మాట ఒక్కచోట కూడా లేదు. రెండు నిమిషాలు ఇస్తారని, నాలుగున్నర పడుతుందని నీ చేత్తో నువ్వే రాశావు.

చిన్నోడా, చూశావా?

చూడకపోతే, అసలు తప్పు చేసింది నువ్వు. ఆ తప్పుని అందంగా మడిచి, పేపరు ముక్కతో సహా ఆ మనిషి చేతిలో పెట్టింది నేను. "పొరపాటు మీకూ జరిగి ఉంటుంది" అని రాశాను చూడు, ఆ వాక్యం గుర్తొస్తే ఒళ్ళు చచ్చిపోతోంది. ముందు గదిలో అట్ట తీసేశాను. ఎందుకు తీశావని మీ అన్నయ్య అడిగితే ఏం చెప్పాలో తెలియక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వదిన

ఏప్రిల్ 27

వదినా,

చూడలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే జవాబు రాయాల్సింది. చేయాల్సినవి చేశాక రాద్దామని ఆగాను.

ఆ రోజు ఇరవై నిమిషాలు రన్‌వే పక్కన జీపులో ఎదురుచూశాను. చివరికి టవరు రెండు నిమిషాలు ఇచ్చింది. సగందాకా వెళ్ళాను, బయటికి వచ్చేయమంది, వచ్చేశాను. మిగతా సగం తర్వాతి తనిఖీలో చూద్దామనుకుని 'శుభ్రం' అని రాశాను. కొన్నేళ్ళుగా చాలా రోజులు అదే చేస్తున్నాను. మొదటిసారి రాసే ముందు పెన్ను కింద పెట్టాను. తర్వాత పెట్టలేదు. టైరు పేలిందని వినగానే రేకు ఎక్కడుంటుందో నాకు తెలుసు. నేను చూడని సగంలో. అందుకే వెతుక్కోకుండా వెళ్ళాను. దానికే డేగ కన్ను అన్నారు.

ఆ పూటే చెప్పేద్దామనుకున్నాను. ఈలోగా పెద్దాఫీసరు వచ్చి భుజం తట్టాడు, ఫోటో తీశారు. ఆ తర్వాత ఒక్కో రోజూ గడిచేకొద్దీ నోరు పెగలడం కష్టమైపోయింది. నేను రన్‌వే మీదకి ఎప్పుడు వెళ్ళిందీ, ఎప్పుడు బయటికొచ్చిందీ టవరు పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్నీ నా పుస్తకాన్నీ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. నెలన్నర అయినా ఎవరూ పెట్టలేదు. పెట్టరని ధైర్యం వచ్చింది కూడా. నీకు ఈ మాట రాయడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది.

ముందు దీపాలమ్మ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, "రండి, టీ పెడతాను" అంది. గదిలో నేల మీద పాత కాగితాలు పరిచి ఉన్నాయి. వాటి మీద స్క్రూడ్రైవర్లు, పానాలు, బిళ్ళలు, తీగ చుట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. అలాంటి రేకు తన పనిముట్లలో అసలు ఉండేదా అని గుర్తుతెచ్చుకోవడానికి రోజూ పేరుస్తోందట. నేను కూర్చోలేదు.

"రన్‌వే మొత్తం చూశానని చెప్పాను కదా. చూడలేదు. సగమే చూశాను. మీరు పనిచేసిన చివర నేను అసలు చూడలేదు. రేకు మీరు రాకముందు నుంచే అక్కడ ఉండి ఉండొచ్చు" అన్నాను.

దీపాలమ్మ వంగి పానాలు ఒక్కొక్కటే ఏరి పెట్టెలో వేసుకుంది. నేను సాయానికి వంగితే, "వద్దు, ఉండండి" అంది. పెట్టె మూతపెట్టి లేచింది.

"నేను ఆ కుట్టుపని ఆవిడ ఇంటికి వెళ్ళి దణ్ణం పెట్టి వచ్చానండీ" అంది.

"తెలుసు."

"ఆ ఒక్క రోజేనా? మిగతా రోజులు?"

"కొన్ని రోజులు" అన్నాను.

"ఏ రోజులు?"

తెలియదన్నాను. తలుపు తీసి పట్టుకుంది. మెట్లు దిగుతుంటే టీ పొంగి మాడుతున్న వాసన వచ్చింది.

ఆ తర్వాత విచారణ చేసిన ఆ ముగ్గురి దగ్గరికీ వెళ్ళి చెప్పాను. కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. పెద్దాఫీసరు నా ముఖం చూడలేదు. "మిగతావాళ్ళు కూడా ఇలాగే చేస్తున్నారా?" అని అడిగాడు. నా సంగతి మాత్రమే చెప్పగలనన్నాను. నన్ను పనిలోంచి ఆపేశారు, ఉద్యోగం పోవడం ఖాయం. ప్రశంసాపత్రం తిరిగి ఇచ్చేశాను. దీపాలమ్మని సోమవారం నుంచి రమ్మన్నారు. రేకు ఎక్కడిదో ఇప్పటికీ తేలలేదు, ఇక తేలదు. ఇప్పుడు తనిఖీకి ప్రతిసారీ ఆరు నిమిషాలు విమానాలు ఆపుతున్నారట. భవనంలో జనం గడియారాలు చూసుకుని విసుక్కుంటున్నారట. ఆ ఆరు నిమిషాలు నేనెప్పుడూ గట్టిగా అడగలేదు. అడిగితే మొండివాడంటారని, కొత్త రన్‌వే వచ్చాక పెద్ద పోస్టు ఇవ్వరని.

కుట్టుపని చేసే ఆవిడ ఇంటికి కూడా వెళ్ళాను. దీపాలమ్మని కూర్చోమందని రాశావు కదా. నన్ను కూర్చోమనలేదు. అదే న్యాయం.

దీపాలమ్మ అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. విచారణవాళ్ళని బతిమాలి, వాళ్ళ గదిలోనే ఒక మూల కూర్చుని చూసుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాను. టవరు పుస్తకాలు మూడేళ్ళవే ఉన్నాయి. వాటినీ నా పుస్తకాలనీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. నేను రెండు నిమిషాల్లో బయటికి వచ్చేసి 'శుభ్రం' అని రాసిన రోజులన్నీ ఏరాను. తర్వాత దీపాల విభాగం పుస్తకం తెచ్చి, వాటిలో ఏ రోజుల్లో దీపాలమ్మ నేను చూడని చివర పనిచేసిందో చూశాను. మొత్తం పదిహేడు రోజులు. ఒక రోజు ఉదయం గంటసేపు అక్కడే ఉంది.

తేదీలు, టైములు తెల్లకాగితం మీద వరసగా రాసి నిన్న పట్టుకెళ్ళాను. పని నుంచి అప్పుడే వచ్చినట్టుంది, మోకాళ్ళ దగ్గర మట్టి. గుమ్మంలోనే నిలబడి కాగితం పైనుంచి కిందిదాకా చదివింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. తిడుతుందేమో, చింపేస్తుందేమో అనుకున్నాను.

"ఇవి మూడేళ్ళవే" అంది.

"అంతకుముందువి టవరు పుస్తకాలు లేవండీ."

"మీ పుస్తకాలు ఉన్నాయి కదా?"

"ఉన్నాయి. వాటిలో అన్నీ శుభ్రమనే ఉంటుంది."

కాగితం నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకుంది. "ఇంకా ఉంటాయి. కూర్చుని గుర్తుతెచ్చుకోండి" అని తలుపు వేసుకుంది.

గుర్తుతెచ్చుకుంటున్నాను వదినా.

చిన్నోడు